పిందెకు వేలు చూపినందుకు

నేను వ్యాపారం పెట్టడానికి కారణం మా స్కూలు కరస్పాండెంటు గారు. ఆయన ప్రోత్సహించారని కాదు, మెట్లు ఎక్కించారని. ప్రైవేటు స్కూలు టీచర్లకు ఏప్రిల్ నెల ఎలా గడుస్తుందో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పరీక్షలు అయిన మర్నాడే కరపత్రాల కట్ట ఒకటి చేతిలో పెట్టి, "మీ వంతు ఇరవై అడ్మిషన్లు" అని వీధుల్లోకి తోలేస్తారు. పదమూడేళ్లలో శ్రీకాకుళం ఊళ్లో నేను ఎక్కని మేడ లేదు. బెల్లు కొట్టగానే ఇంటాయన లోపల ఫ్యాను కింద పడుకుని "ఇంట్లో లేరని సెప్పీ" అనడం గుమ్మం దాకా వినబడేది. ఆ మాట విన్నాక కూడా నవ్వు ముఖం పెట్టుకుని నిలబడాలి. అందుకే జీతం ఇచ్చేవారు.

చివరి ఏడాది ఆ మేడల మీద నాకు అడ్మిషన్లు పెద్దగా దొరకలేదు గానీ వేరే సంగతి ఒకటి కనబడింది. ప్రతి ఇంటి మేడ మీదా ఒక చచ్చిపోయిన మొక్క ఉండేది. పగిలిన బకెట్లో కరివేపాకు పుల్ల, కుండీలో ఎండిన టమాటా మొక్క, థర్మోకోల్ పెట్టెలో ఒకప్పుడు కొత్తిమీర అయిన ఏదో గడ్డి. నేను సైన్సు టీచర్నని తెలియగానే ఆడవాళ్లు పిల్లల చదువు సంగతి వదిలేసి నా మీద పడేవారు.

"టీచరమ్మా, కరేపాకు మొక్క ఎన్నిసార్లు ఏసినా సచ్చిపోతన్నాది. ఏటి సెయ్యాల?"

నాకేం తెలుసు? పదో తరగతి జీవశాస్త్రంలో కరివేపాకు చావు గురించి పాఠం లేదు. ఇంటికొచ్చి మా అత్తను అడిగేదాన్ని.

మా అత్త అంటే నా భర్త తల్లి. నాకు మేనత్త కూడా. అంచేత నన్ను "ఒసే" అనే హక్కు ఆవిడకు పుట్టుకతో ఒకటి, పెళ్లితో ఒకటి, రెండు విధాలా వచ్చింది. పాతపట్నం అవతల పల్లెలో నలభై ఏళ్లు పొలం చేసి, మా మావ పోయాక భూమి కౌలుకిచ్చేసి రెండేళ్ల కిందట మా దగ్గరకు వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకు పని లేదు. పగలంతా టీవీ ముందు కూర్చుని, టీవీని కాకుండా దాని పక్కనున్న కిటికీని చూసేది. నేను కరివేపాకు సంగతి అడిగితే మాత్రం ఇటు తిరిగేది.

"నీల్లెక్కువైపోనాయని సెప్పు. పట్నం ఆడోల్లు పొద్దుట ఒక సెంబు, సాయంత్రం ఒక సెంబు పోసేస్తారు. ఆకలి నేని పిల్లకి కూడు కుక్కినట్టు. ఎలాగ బతుకుతాది?"

మర్నాడు నేను ఆ ముక్కకే కొంచెం ఇంగ్లీషు పూసి, "ఓవర్ వాటరింగ్ అండీ" అని చెప్పేదాన్ని. నెలాఖరుకి నా అడ్మిషన్లు మూడు. బతికిన కరివేపాకు మొక్కలు పదకొండు.

మీటింగులో కరస్పాండెంటు గారు అందరి ముందూ ఆ మూడు అంకె చదివి, "మేడమ్ గారు మెట్ల మీద కునుకు తీస్తున్నారేమో" అన్నారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో పేరు. లేచి, మానేస్తున్నానన్నాను. ఆయన నవ్వారు. "కోపంలో అన్నారు. దసరా సెలవుల దాకా మీ చోట ఎవరినో ఒకరిని సర్దుతాను. ఈలోగా మీరే వస్తారు" అన్నారు.

ఆ "మీరే వస్తారు" అన్న మాట నా చెవిలో ఇంటిదాకా వచ్చింది. దసరాలోగా ఏదో ఒకటి చేసి నిలబడకపోతే తల వంచుకుని మళ్లీ ఆ గుమ్మంలోకే పోవాలి. మళ్లీ ఏప్రిల్, మళ్లీ అవే మెట్లు, పైగా ఆయన నవ్వు. తలచుకుంటేనే ఒళ్లు మండేది. ఆ మంటలోనే వ్యాపారం పుట్టింది. కూరగాయ మొక్క ఎలా ఉంటుందో కూడా సరిగ్గా తెలియనివాళ్ల ఇంటి మేడ మీద నేనే మట్టి, విత్తనం, పందిరి అన్నీ అమర్చి, వాళ్ల చేత కూర పండించడం.

మా బావ, అంటే మా ఆయన, బస్సు డిపోలో గుమస్తా. సంగతంతా విని, "అయితే మట్టి అమ్ముతావన్నమాట" అన్నాడు.

అత్తకు ఆ మాట అస్సలు మింగుడు పడలేదు. "మట్టి కొనుక్కుంతారేటే మనుసులు? మా ఊల్లో ఊరికే ఇత్తామన్నా ఎవులికీ అక్కర్నేదు."

"కొనుక్కుంటారు అత్తా. నీళ్లు కొనుక్కోవట్లేదా?"

అత్త "ఈ పట్నం బాగుపడదు" అని కిటికీ వైపు తిరిగిపోయింది.

పెయింటర్లు పారేసిన పెద్ద బకెట్లు, ఉద్దానం నుంచి కొబ్బరి పొట్టు, అత్త ఊరి నుంచి చివికిన పేడ ఎరువు. ఎరువు బస్తా బస్సెక్కించిన రోజు కండక్టరు ముక్కు మూసుకుని, "డిపోలో పనిసేసే మనిసి ఇంటికని ఊరుకుంతన్నానమ్మా, నేదంటే దించీసేవోన్ని" అన్నాడట. ఆ వారమంతా మా బావను డిపోలో అందరూ ఎరువు బావ అని పిలిచారు. మనిషి మంచివాడు కాబట్టి నా మీద చిరాకు పడలేదు. కరపత్రం కూడా తనే రాశాడు. పైన పెద్ద అక్షరాలతో "మేడ మీద కూర". కింద ఒక హామీ: "మీ ఇంట మొదటి కూర ఉడికేదాకా మేము మీ మెట్లు ఎక్కుతూనే ఉంటాము."

అచ్చయి వచ్చాక గానీ నేను ఆ మాట చూడలేదు. మెట్లు ఎక్కలేక ఉద్యోగం మానేసిన మనిషి చేత మొగుడు మెట్లు ఎక్కుతానని ఊరంతా చాటింపు వేయించాడు. మార్పించడానికి వీల్లేదు, అయిదు వందల కాయితాలు.

తొమ్మిది ఇళ్లవాళ్లు చేరారు. అందులో మొదటి ఇల్లు మా వీధి చివర కాంట్రాక్టరు గారిది. మూడంతస్తుల మేడ. ఆయన భార్యను వీధిలో అందరూ కాంట్రాక్టరమ్మ అంటారు. ఆవిడ కొన్న చీరనే వీధి కొంటుంది, ఆవిడ మానేసిన పాలవాడిని వీధి మానేస్తుంది. మిగిలిన ఎనిమిది ఇళ్లూ ఆవిడ చేరిందనే చేరాయి. కాబట్టి ఆ మేడ మీద సరుగుడు కర్రలతో పందిరి నేనే దగ్గరుండి వేయించాను, ఆనప గింజలు నేనే పెట్టాను. సొరకాయను మా వైపు ఆనపకాయ అంటాం. మిగిలిన మేడల మీదా అవే పెట్టించాను.

తొలకరికి పెట్టిన గింజలు ఆగస్టు నెలాఖరుకి పందిరి కప్పేశాయి. ఒక రోజు మధ్యాహ్నం కాంట్రాక్టరమ్మ పిలిస్తే వెళ్లాను. పందిరి కింద ఏడు పిందెలు వేలాడుతున్నాయి, ఒక్కోటీ బొటనవేలంత, నూగుతో. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. గబగబా చెయ్యెత్తి, "ఒకటి..." అన్నాను.

"టీచరమ్మా! వేలు మడవండి!" కాంట్రాక్టరమ్మ కేక పెట్టింది.

పిందెకు వేలు చూపకూడదని మా వైపు పుట్టిన ప్రతి పిల్లకూ తెలుసు. చూపితే పిందె కుళ్లి రాలిపోతుందంటారు. ఎక్కడుందో చెప్పాలంటే వేలు మడిచి కణుపుతో చూపాలి. నాకూ తెలుసు, చిన్నప్పుడు ఈ తప్పుకే మా అమ్మ చేత మొట్టికాయలు తిన్నాను. కానీ పదమూడేళ్లు సైన్సు చెప్పిన నోరు ఊరుకోదు గదా. మూఢనమ్మకాల మీద అక్కడికక్కడే పావుగంట పాఠం చెప్పాను. వేలిలో నుంచి ఏ కిరణాలూ రావని, పిందెకు కళ్లు లేవని చెప్పాను. చెప్పి ఊరుకున్నానా, వెనక బెంచీ పిల్లల్ని లేపినట్టు వేలు చాచి, "ఒకటి, రెండు, మూడు..." అని ఏడు దాకా ఒక్కో పిందెకూ గురిపెట్టి లెక్కపెట్టాను. కాంట్రాక్టరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

వారం తిరక్కుండా ఫోను వచ్చింది.

"ఏడూ పోనాయి టీచరమ్మా. మీరు మొదట దేనికి సూపినారో అదే మొదట పోనాది. తరవాత రెండోది. మీ లెక్క ప్రకారమే వరసాగ్గా పోనాయి."

పందిరి నాది, గింజ నాది, వేలూ నాదే.

సాయంత్రానికల్లా ఆ వార్త మిగిలిన ఎనిమిది ఇళ్లకూ చేరింది. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. అందరూ మర్యాదగానే మాట్లాడారు. "మీకెందుకు శ్రమ టీచరమ్మా, కిందనే ఉండండి. మెట్లు ఎక్కకండి." మెట్లు ఎక్కొద్దని నన్ను బతిమాలే రోజొకటి వస్తుందని ఏప్రిల్ ఎండల్లో ఎవరైనా చెప్పి ఉంటే కాళ్లకు దండం పెట్టేదాన్ని. ఇప్పుడేమో వీధిలో నిలబడి, తల పైకెత్తి, "ఆకుల కింద చూడండమ్మా! పురుగుందేమో చూడండి!" అని అరవాల్సి వచ్చింది. అలా అరుస్తుంటే సైకిలు మీద పోతున్న ఒకాయన ఆగి, "వంకాయలు ఎలాగిస్తన్నారు?" అని అడిగాడు.

పోనీ వీడియో కాల్‌లో చూపించమంటే అదీ కుదరలేదు. "ఫోన్లోంచి వేలు సూపితే మట్టుకు తగల్దేటి?" అంది కాంట్రాక్టరమ్మ.

దసరా ఇంకా నెలన్నర కూడా లేదు. హామీ ప్రకారం మెట్లు ఎక్కాల్సిన మనిషి మెట్ల కిందే ఉండిపోయింది. ఇక వేరే దారి లేక అత్తను అడిగాను. "నా బదులు నువ్వు ఎక్కవా అత్తా? చూసొచ్చి నాకు చెప్పు చాలు."

"నానేటి, ఆల్ల ఇల్లకి ఎల్లడమేటి?" అని మొదట ఎగిరింది. అయినా మర్నాడు పొద్దున్న చూస్తే ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడి ఉంది. నేను పళ్లు కూడా తోముకోలేదు.

"ఒసే, వొస్తావా రావా? ఎండెక్కిపోతన్నాది."

నేను స్కూటీ మీద దించడం, ఆవిడ పైకెక్కడం, నేను కింద గేటు దగ్గర కాపలా కాయడం. తొమ్మిది ఇళ్లూ తిరిగేసరికి మధ్యాహ్నం అయింది. ప్రతి ఇంట్లోనూ టీ తాగి వచ్చింది. గేటు దగ్గర నాకు మంచినీళ్లు ఇచ్చినవాళ్లు లేరు.

సాయంత్రం అత్త, కాంట్రాక్టరమ్మ వాళ్ల పందిరి మళ్లీ చూడాలని ఒక్కర్తే నడిచి వెళ్లింది. చీకటి పడుతుండగా వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చుని చెప్పింది. "తీగ బాగానే ఉన్నాదే. ఆకు నలుపు తిరిగినాది, ఎరువు సాల్తన్నాది. పువ్వులూ ఇచ్చుకున్నాయి. కానీ నాకెందుకో అక్కడ మనసొప్పనేదు."

"ఎందుకని?"

"సడి నేదే. మన ఊల్లో ఈ ఏలప్పుడు ఆనపపందిరి కింద నిలబడితే పురుగులు, సీతాకోకలు, సెవుల్లో జుయ్యిమంతాది. ఆ మూడో మేడ మీద ఒక్క ఈగైనా నేదు. పువ్వులు ఉత్తినే తెరుసుకుని కూకున్నాయి, ఎవులూ రారు, పోరు. నాలాగే."

ఆ చివరి మాట నేను అప్పుడు సరిగ్గా పట్టించుకోలేదు. ఎందుకంటే ముందు మాటకే నెత్తి మీద ఎవరో చాక్‌పీస్ డబ్బా బోర్లించినట్టయింది. పరాగసంపర్కం! పదమూడేళ్లు బోర్డు మీద రంగు చాక్‌పీసులతో కేసరాలు, కీలాగ్రం వేసి బాణం గుర్తులు పెట్టిన పాఠం. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరాలి, చేర్చడానికి పురుగు రావాలి, రాకపోతే పిందె నిలవదు. ఎన్ని వందల మంది పిల్లలకు మార్కులు తెప్పించానో ఆ ప్రశ్నకి! నిజం మేడ మీద నిజం పువ్వు కనబడేసరికి ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. నా వేలును తిట్టినవాళ్ల మీద కాదు, నా మీద నాకే చిర్రెత్తుకొచ్చింది.

"అత్తా, పురుగులు చేసే పని మనం చేద్దాం. మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో ముట్టించాలి. అంతే."

"అంటే ఏటి, పువ్వులకి పెల్లి సేస్తామా?"

"అలాగే అనుకో."

"ఏది మగదో ఏది ఆడదో ఎలాగ తెలుస్తాది?"

"పువ్వు కింద ఉత్త కాడే ఉంటే మగది. చిన్న పిందె ఉంటే ఆడది."

అత్త ఒక నిమిషం లెక్క చూసుకుంది. "అయితే పెల్లికి ముందే కడుపుతో ఉన్నాదన్నమాట" అంది. "పోనీలే. ఇప్పుడైనా సేసీడం మంచిది."

ఇక ఆ తరవాత సంగతి నా చేతిలో లేదు. నేను చెప్పింది అరనిమిషం పని. అత్త దాన్ని నిజంగానే పెళ్లి చేసేసింది. ఆనపపువ్వు విచ్చేది సాయంత్రం కాబట్టి ముహూర్తం ఆరు గంటలకు. కాంట్రాక్టరమ్మ పసుపు, కుంకుమ, అక్షింతలు పళ్లెంలో పెట్టుకుని సిద్ధంగా ఉందట. వీధిలో ఆడవాళ్లందరూ ఎక్కారు. అత్త పెళ్లిపాట ఎత్తుకుంది, ఆవిడకు పాటలొచ్చని నాకు అంతవరకూ తెలియదు. నేను కింద స్కూటీ మీద కూర్చుని పైన నవ్వులు వింటున్నాను. పాఠం నాది, పెళ్లికి పిలుపు మాత్రం లేదు.

రెండో రోజు నుంచి గొడవలు కూడా పెళ్లివారి గొడవల్లాగే వచ్చాయి. ఒక ఇంట్లో అన్నీ ఆడపువ్వులే విచ్చాయి, మగపువ్వు ఒక్కటీ లేదు. పక్క వీధి ఇంట్లో మగపువ్వులు దండిగా ఉన్నాయి. అత్త ఆజ్ఞ మీద నేను ఆ మగపువ్వుల్ని స్టీలు టిఫిను డబ్బాలో పెట్టి స్కూటీ మీద మోసుకొచ్చాను. గేటు దగ్గర డబ్బా అందుకున్న ఇంటావిడ, "మగపెల్లోరు ఇంత ఆలస్యమేటి?" అని నన్నే నిలదీసింది. పువ్వులిచ్చిన ఇంటావిడ మాత్రం, "ఇల్లరికం పంపిస్తన్నాం, మొదటి కాయ మాకే ఇయ్యాల" అని షరతు పెట్టింది. ఈ సంబంధం మాట్లాడి తేల్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

నాలుగో రోజుకి పిందెలు నిలిచినట్టు తెలిసింది. రంగు మారలేదు, మెడ వాలలేదు, పొద్దునకీ సాయంత్రానికీ తేడా కనబడేలా ఊరుతున్నాయి. రెండు వారాలకు తొమ్మిది ఇళ్లలో ఆరిళ్లలో ఆనపకాయలు తెగాయి. ఎవరింట్లో చూసినా ఎండురొయ్యలు వేసిన ఆనపకాయ కూరే. మా అత్తకు వీధిలో పెద్దమ్మ అని పేరు పడిపోయింది, ఊరంతా ఒకటే మాట: పెద్దమ్మ హస్తవాసి మంచిది. పెద్దమ్మ ముట్టుకుంటే పుల్లయినా కాస్తుంది.

సంతోషించాలి గదా. సంతోషించాను కూడా. కానీ లోపల కుళ్లు లేదంటే అబద్ధం. కోడలి వేలు చెడ్డది, అత్త చెయ్యి మంచిది అని వీధి తేల్చేసింది. ఆరిళ్లలో మొదటి కూర ఉడికింది, మిగిలిన మూడింట్లోనూ పిందెలు నిలిచాయి కాబట్టి హామీ తీరినట్టే. మరి వచ్చే పంటకి కొత్త ఇళ్లవాళ్లు ఎవరు నమ్మి పిలుస్తారు? వేలు పేరు చెడిన మనిషి చేత ఎవరైనా విత్తనం పెట్టిస్తారా? అత్తనే ఎల్లకాలం నా ముందు పెట్టుకుని తిరగగలనా? దసరాకు పది రోజులుందనగా కరస్పాండెంటు గారి ఫోను రానే వచ్చింది. "సోమవారం లోగా చెప్పండి మేడమ్. మీ మొక్కల సంగతి విన్నాను" అన్నారు. ఏం విన్నారో చెప్పలేదు. గొంతులో నవ్వు మాత్రం వినబడింది.

ఆ సాయంత్రమే కాంట్రాక్టరమ్మ కబురు పెట్టింది, ఇద్దర్నీ పైకి రమ్మని. ఇన్నాళ్లకు నేను ఆ మెట్లు ఎక్కాను.

పందిరి చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. కాంట్రాక్టరమ్మ ఉన్నమాట మొహం మీదే అనే మనిషి.

"పెద్దమ్మ సెయ్యి మంచిదని అందరం ఒప్పుకున్నాం. టీచరమ్మ వేలు సంగతే తేలాల. మా ఆడబిడ్డ నరసన్నపేటలో పందిరి ఏయించుకుంతానంతన్నాది, ఆల్ల వీధిలో ఇంకో పది మంది అడుగుతన్నారు. రేపు ఏదైనా తేడా వస్తే నన్నంతారు. ఇదిగో, నిన్న పెల్లైన పిందె ఒకటున్నాది. టీచరమ్మా, దీనికి వేలు సూపండి. నిలిస్తే నిలిసినట్టు. రాలితే మాత్రం మీరేమీ అనుకోకూడదు."

ఆవిడ వేలు మడిచి ఆ పిందెను చూపించింది.

సైన్సు ప్రకారం నాకు భయం ఉండకూడదు. కానీ అదే సైన్సు ఇంకో సంగతి కూడా చెబుతుంది. పుప్పొడి అందిన పిందెల్లో కూడా కొన్ని రాలతాయి. నీళ్లు తక్కువైనా, ఎండ ఎక్కువైనా, తీగ మోయలేననుకున్నా రాలతాయి. ఈ పిందె ఆ కొన్నింట్లో ఒకటైతే? నేను చూపి, అది రాలితే, నరసన్నపేట పోతుంది, ఊరు పోతుంది, సోమవారం కరస్పాండెంటు గారి గుమ్మం మిగులుతుంది. చూపనంటే నా వేలు చెడ్డదని నేనే ఒప్పుకున్నట్టు. పదమూడేళ్లు వేలు చూపించి పిల్లల్ని నిలబెట్టిన దాన్ని, చెయ్యి లేవక నిలబడ్డాను.

అప్పుడు అత్త కుర్చీలోంచి లేచింది. పందిరి కిందకు వెళ్లింది. చెయ్యెత్తి, చూపుడు వేలు సూటిగా చాచి, ఆ పిందెకు అంగుళం దూరంలో పెట్టింది.

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఏ పిందెకూ, చివరికి బజారులో తెగిన కాయకు కూడా వేలు చూపించి ఎరగదు.

"ఇదిగో, నాను సూపించీసేను" అంది. "ఇంక కోడలు సూపినా ఒకటే, సూపకున్నా ఒకటే. రాలితే నా వేలు మంచిది కాదని సెప్పుకోండి. పద."

"ఓలమ్మో, పెద్దమ్మా, ఏటి పని సేసినావు!" అని కాంట్రాక్టరమ్మ రెండు చేతులూ బుగ్గలకు వేసుకుంది. మేము అప్పటికే మెట్లు దిగుతున్నాం.

దారిలో ఆవిడను చెడామడా తిట్టాను. నాకు ఏడుపు వచ్చేటప్పుడు ముందు కోపం వస్తుంది. "ఊరంతా మంచి పేరు తెచ్చుకున్నావు గదా, ఎందుకు దాన్ని పందెం పెట్టావు? నిన్నెవరు లేవమన్నారు?" అంటూ ఇల్లు చేరేదాకా సాధించాను. ఆ రాత్రి అత్త అన్నం కూడా సగం వదిలేసింది. రెండో రోజూ అంతే. ఫోను మోగినప్పుడల్లా తల తిప్పి చూసేది. బావ చూసి, "ఒక్క పిందె కోసం ఇంట్లో ఇంత మౌనం ఏమిటి" అని తనే వంట చేశాడు. ఆ వంట తిన్నాక మౌనం ఇంకా పెరిగింది.

నాలుగో రోజు కాంట్రాక్టరమ్మ ఫొటో పంపింది. పిందె అరచెయ్యంత ఊరింది. పక్కనే ఆవిడ వేలు, సూటిగా చాచి. కింద ఒక మాట: "నాను కూడా సూపించీసేను."

నేను పరుగెత్తి అత్తకు చూపించాను. ఆవిడ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. చూసి కళ్లు మూసుకుని దండం పెట్టింది.

"మొక్కు సెల్లించాలే. ఆ కాయ అమ్మోరికి ఇస్తానని మొక్కీసేను."

"కాయ వాళ్లది. మొక్కు నీదెలా అవుతుంది?"

"అమ్మోరు అయ్యన్నీ అడగదు."

"అంటే నీకు నమ్మకం పోలేదన్నమాట. వేలు చూపితే రాలుతుందనే అనుకున్నావు?"

"నమ్మకం ఎక్కడికి పోతాదే? రాల్తాదనే గదా అమ్మోరికి మొక్కీసేను."

"మరెందుకు చూపావు?"

అత్త ఫోను నా చేతిలో పెట్టి, అదేదో తెలిసిన సంగతే అన్నట్టు చెప్పింది. "నాది ముసిలి వేలు. దానికి పేరు పోతే ఏటి, ఉంటే ఏటి? నీకింకా బోలెడు మేడలున్నాయి ఎక్కడానికి."

నాకు ఏడుపొచ్చింది. ఈసారి కోపం ముందు రాలేదు. ఆవిడ నన్ను చూసి, "ఊరుకో, ఊరుకో. రేపు నరసన్నపేట బస్సు ఎన్నింటికో బావనడుగు" అంది.

కరస్పాండెంటు గారికి సోమవారం దాకా ఆగకుండా ఆ రోజే ఫోను చేసి రానని చెప్పాను. ఆయన ఈసారి నవ్వలేదు. "మా ఇంట్లో కరివేపాకు బతకడం లేదు మేడమ్" అన్నారు. నీళ్లు తగ్గించమన్నాను.

ఆ సాయంత్రం మా సొంత మేడ మీదకు వెళ్లాం. ఇన్ని ఇళ్ల పెళ్లిళ్ల హడావిడిలో, తొలకరికి మేమూ ఒకటి పెట్టుకున్న ఆనప తీగను పట్టించుకోలేదు. ఆకుల చాటున ఎప్పుడు పుట్టిందో ఒక పిందె ఉంది, పైన పువ్వు అప్పుడే విచ్చుకుంటోంది. అత్తకు కనబడటం లేదు, ఎక్కడే, ఎక్కడే అని వెతుకుతోంది. నేను వేలు మడిచి చూపించాను.